‘ఇన్‌ఫ్లేమబుల్’: నిప్పంటుకునేదా, అంటుకోనిదా? - ఒక ఆంగ్లపదం అర్థనిర్ణయం, ప్రయోగ వివేచన

వ్యాససంగ్రహం:

పెట్రోలు, వంటగ్యాసు, రంగులు, స్పిరిట్లు మొదలైన వాటిమీద కనిపించే ‘ఇన్‌ఫ్లేమబుల్’ అనే ఆంగ్లపదాన్ని ‘నిప్పంటుకోనిది’ అని పొరబడేవారు ఉన్నారు. నిజానికి ఈ పదానికి ‘సులభంగా నిప్పంటుకునేది’ అని అర్థం. ‘ఫ్లేమబుల్’ అన్నా ఇదే అర్థం. ఈ రెండూ వ్యతిరేకపదాలు కావు, పర్యాయపదాలు. ఈ పొరపాటుకు కారణమైన ‘ఇన్’ ఉపసర్గ స్వరూపాన్ని, దానికి సంస్కృతాంధ్ర పదాలలో ఉన్న పోలికలను, ‘ఫ్లేమబుల్’ అనే పదాన్ని ఉద్దేశపూర్వకంగా వ్యాప్తిలోకి తెచ్చిన చరిత్రను, తెలుగులో ఈ హెచ్చరికను రాయవలసిన తీరును ఈ వ్యాసం వివరిస్తుంది. వ్యుత్పత్తిరీత్యా సాధువైన పదమంతా ప్రయోగరీత్యా క్షేమకరం కానక్కర లేదన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: ఉపసర్గ, నఞర్థకం, వ్యుత్పత్తి, అర్థభ్రాంతి, హెచ్చరిక భాష, అనువాదం.

1. ఉపోద్ఘాతం:

జాతీయ రహదారిమీద వెళ్లే చమురు ట్యాంకర్ల వెనుక భాగంలో పెద్ద ఎర్రని అక్షరాలతో ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని రాసి ఉండటం మనకు పరిచితమైన దృశ్యమే. అదే రకమైన మరొక వాహనంమీద ‘హైలీ ఫ్లేమబుల్’ అని ఉంటుంది. ఇంగ్లీషు కొద్దిగా చదువుకున్నవారికి ఇక్కడే సందేహం కలుగుతుంది. ‘విజిబుల్’ అంటే కనిపించేది, ‘ఇన్‌విజిబుల్’ అంటే కనిపించనిది. ‘కరెక్ట్’ అంటే సరైనది, ‘ఇన్‌కరెక్ట్’ అంటే సరికానిది. ఈ లెక్కన ‘ఫ్లేమబుల్’ నిప్పంటుకునేది అయితే ‘ఇన్‌ఫ్లేమబుల్’ నిప్పంటుకోనిది కావాలి కదా?

ఈ తర్కంలో లోపం లేదు. అది నిలబడిన ఆధారంలోనే లోపం ఉంది. అనువాద అభ్యాసాలలో విద్యార్థులు ఈ పదాన్ని ‘మండని’, ‘నిప్పంటుకోని’ అని తెనిగించడం అధ్యాపకులకు కొత్త కాదు. తరగతి గదిలో ఇలాంటి పొరపాటుకు ఒక మార్కు పోతుంది. రంగులు కలిపే గదిలోనో, మందుల గోదాములోనో, వెల్డింగు షాపులోనో ఇదే పొరపాటు జరిగితే పోయేది మార్కు కాదు. అందువల్ల దీనిని ఉచ్చారణ దోషాలు, వర్ణక్రమ దోషాల జాబితాలో చేర్చి వదిలివేయడం తగదు. పదం అర్థాన్ని నిర్ణయించుకోవడంతో పాటు, ఆ పదాన్ని ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు అన్నది కూడా నిర్ణయించుకోవాలి.

2. రెండు ‘ఇన్’లు:

‘ఇన్‌ఫ్లేమబుల్’ మూలం లాటిన్ భాషలో ఉంది. ‘ఫ్లమ్మా’ అంటే జ్వాల. దానిమీద ఏర్పడిన ‘ఇన్‌ఫ్లమ్మారే’ అనే క్రియకు మంట పెట్టడం, రగిల్చడం అని అర్థం. ఈ క్రియే ఇంగ్లీషులోకి ‘ఇన్‌ఫ్లేమ్’గా వచ్చింది. దానికి ‘తగినది’, ‘వీలైనది’ అనే అర్థాన్నిచ్చే ‘ఏబుల్’ ప్రత్యయం చేరితే వచ్చే పదం ‘ఇన్‌ఫ్లేమబుల్’, అనగా మంట పెట్టడానికి వీలైనది, రగులుకునేది. ఇంగ్లీషులో ఈ పదం పదిహేడవ శతాబ్దారంభం నుండి వాడుకలో ఉంది.

ఈ పదంలోని ‘ఇన్’ నిషేధాన్ని సూచించదు. లాటిన్‌లో ఒకే రూపం కలిగిన రెండు వేర్వేరు ‘ఇన్’లు ఉన్నాయి. మొదటిది ‘లోనికి’, ‘మీద’ అనే అర్థాలనిస్తూ ఒక్కొక్కప్పుడు క్రియకు తీవ్రతను కలిగించే ఉపసర్గ. రెండవది ‘కాదు’, ‘లేదు’ అనే అర్థాన్నిచ్చే నిషేధార్థకం. ఈ రెండవ ‘ఇన్’ సంస్కృతంలోని నఞర్థకమైన ‘అ’, ‘అన్’లకు, ఇంగ్లీషులోని ‘అన్’కు సోదరరూపం. ఇండో-యూరోపియన్ భాషలన్నింటికీ మూలమైన ఒకే నిషేధార్థక రూపం నుండి ఇవన్నీ వచ్చాయని తులనాత్మక భాషాశాస్త్రం చెబుతుంది. మొదటి ‘ఇన్’కు ఈ కుటుంబంతో సంబంధం లేదు. పుట్టుక వేరైన రెండు రూపాలు ఒకే వేషంలో కనిపించడమే ఈ భ్రాంతికి మూలం.

పక్కన వచ్చే హల్లును బట్టి ఈ రెండూ ఒకే విధంగా మారిపోవడం చిక్కును మరింత పెంచింది. మనకు నిత్యపరిచితమైన పదాలనే చూడవచ్చు.

‘ఇంపోర్ట్’ అంటే లోనికి తెచ్చుకోవడం, దిగుమతి. ఇక్కడ ‘ఇం’ మొదటి రకం. ‘ఇంపాసిబుల్’ అంటే సాధ్యం కానిది. ఇక్కడ అది రెండవ రకం.

‘ఇల్యూమినేషన్’ అంటే వెలుగు నింపడం. ‘ఇల్లీగల్’ అంటే చట్టసమ్మతం కానిది.

‘ఇరిగేషన్’ అంటే పొలానికి నీరు పారించడం. ‘ఇర్రెగ్యులర్’ అంటే క్రమం లేనిది.

ఇరిగేషన్ శాఖ అన్న మాటలో ఎవరూ నిషేధార్థాన్ని వెతకరు. ఆ పదాన్ని మనం ముక్కలుగా కాక మొత్తంగా నేర్చుకున్నాం గనుక అక్కడ సందేహం రాలేదు. ‘ఇన్‌ఫ్లేమబుల్’ విషయంలో మాత్రం పక్కనే ‘ఫ్లేమబుల్’ అనే మరో పదం కనిపిస్తుంది. రెండింటినీ పోల్చి చూడగానే మనసు పదాన్ని విడదీస్తుంది. ఆ విడదీయడంలోనే తప్పు జరుగుతుంది.

3. సంస్కృతాంధ్ర పదాలలో పోలిక:

తెలుగు పాఠకుడికి ఈ పరిస్థితి అపూర్వం కాదు. మన వాడుకలో ఉన్న తత్సమ పదాలలోనే దీనికి చక్కని ఉదాహరణలు ఉన్నాయి.

‘అనుచరుడు’, ‘అనుచితం’ అనే పదాలను పరిశీలిద్దాం. రెండింటి మొదట ‘అను’ అనే అక్షరాలే వినిపిస్తాయి. కాని ‘అనుచరుడు’లో ఉన్నది ‘అను’ ఉపసర్గ, అనగా వెంట నడిచేవాడు. ‘అనుచితం’లో ఉన్నది నఞర్థకమైన ‘అన్’. దాని తరువాతి పదం ‘ఉచితం’. కనుక తగనిది అని అర్థం. ‘అనుపానం’ మందుతో పాటు పుచ్చుకునే తేనె, పాలు వంటిది. ‘అనుపమం’ ఉపమానం లేనిది. అక్షరాల పోలికను నమ్మి ‘అనుపానం’ అంటే ‘ఉపానం లేనిది’ అని ఎవరైనా వ్యాఖ్యానిస్తే నవ్వు వస్తుంది. ‘ఇన్‌ఫ్లేమబుల్’ను ‘మండనిది’ అనడం సరిగ్గా అలాంటిదే.

‘వి’ అనే ఉపసర్గ దీనికంటె గమనార్హమైనది. ‘విశుద్ధం’, ‘విఖ్యాతం’ అనే చోట్ల అది ఆధిక్యాన్ని చెబుతుంది. ‘విఫలం’, ‘విముఖం’ అనే చోట్ల లేమిని, వైముఖ్యాన్ని చెబుతుంది. ఏ పదంలో ఏ అర్థమో ఉపసర్గను చూసి చెప్పలేం. పదం మొత్తాన్ని, దాని ప్రయోగాన్ని చూసి చెప్పాలి.

నిషేధం నిజంగా ఉన్నచోట కూడా అర్థం తలకిందులు కాకపోవచ్చు. ‘అమూల్యం’ అంటే మూల్యం లేనిది అనే కదా విగ్రహవాక్యం. అయినా దానిని విలువలేని వస్తువుకు ఎవరూ వాడరు. మూల్యం కట్టలేనిది అనే అర్థంలోనే వాడతారు. ఇంగ్లీషులోని ‘ఇన్‌వాల్యుబుల్’ది సరిగ్గా ఇదే తీరు. విలువలేనిదాన్ని ఆ భాషలో ‘వాల్యూలెస్’ అంటారు. ‘అనుత్తమం’ అనే సంస్కృతపదానికి కూడా ఉత్తమం కానిది అని కాక, అంతకంటె ఉత్తమమైనది మరొకటి లేనిది అని అర్థం. నఞ్ తత్పురుషానికీ నఞ్ బహువ్రీహికీ భేదం తెలిసిన సంప్రదాయం మనది. ఆ దృష్టినే ఆంగ్లపదాలకూ అన్వయించుకుంటే ఇలాంటి చిక్కులు చాలావరకు విడిపోతాయి.

4. పదాన్ని విడదీయవలసిన పద్ధతి:

‘ఏబుల్’, ‘ఇబుల్’లతో ముగిసే ఆంగ్లపదాలలో ‘ఇన్’ ఏ రకానికి చెందినదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉపకరిస్తుంది. పదం చివర ఉన్న ప్రత్యయాన్ని తీసివేయాలి. మిగిలిన భాగం ‘ఇన్’తో సహా ఒక క్రియగా ఆ భాషలో ఉందేమో చూడాలి. ఉంటే ‘ఇన్’ ఆ క్రియలో భాగం, కనుక నిషేధం కాదు. లేకపోతే అది సాధారణంగా నిషేధార్థకం.

‘ఇన్‌ఫ్లేటబుల్’ నుండి ‘ఏబుల్’ తీసివేస్తే ‘ఇన్‌ఫ్లేట్’ మిగులుతుంది. గాలి నింపడం అనే అర్థంలో ఆ క్రియ ఉంది. కనుక ‘ఇన్‌ఫ్లేటబుల్’ గాలి నింపదగినది. ‘ఇన్‌హాబిటబుల్’లో ‘ఇన్‌హాబిట్’, అనగా నివసించడం, అనే క్రియ ఉంది. కనుక అది నివాసయోగ్యమైనది. ‘ఇన్‌ఫ్లేమబుల్’లో ‘ఇన్‌ఫ్లేమ్’ ఉంది. కనుక అది రగులుకునేది. ‘ఇన్‌విజిబుల్’, ‘ఇన్‌క్రెడిబుల్’, ‘ఇన్‌టాలరబుల్’ పదాలలో ఇలా క్రియ మిగలదు. అవి నిషేధార్థకాలు.

ఈ పరీక్ష మార్గదర్శకమే గాని శాసనం కాదు. ‘ఇన్‌క్యూరబుల్’ అనే పదాన్ని రాతలో విడదీస్తే ‘ఇన్‌కర్’ అనే మరొక క్రియ ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. అది వాస్తవానికి ‘క్యూర్’ అనే పదంమీద ఏర్పడింది, నయం కానిది అని అర్థం. అందువల్ల సందేహం ఉన్నచోట నిఘంటువును చూడటమే తుది ఉపాయం.

‘ఇన్‌హాబిటబుల్’ చరిత్ర ఇక్కడ ఆసక్తికరం. ఇంగ్లీషులో ఈ పదానికి పూర్వం ‘నివసించడానికి వీలులేనిది’ అనే అర్థం కూడా ఉండేది. ఫ్రెంచిలో ఇదే రూపానికి నేటికీ ఆ నిషేధార్థమే ఉంది. ఇంగ్లీషులో నివాసయోగ్యం కానిదాన్ని చెప్పడానికి ఇప్పుడు ‘అన్‌ఇన్‌హాబిటబుల్’ అంటారు. ఇదే ఫ్రెంచి భాష ‘నిప్పంటుకునేది’ అనే అర్థంలో ‘ఇన్‌ఫ్లేమబుల్’ రూపాన్ని నిలుపుకొని, వ్యతిరేకార్థానికి దానిముందు మరో ‘ఇన్’ చేర్చింది. ఒకే పదంలో పక్కపక్కనే నిలిచిన ఆ రెండు ‘ఇన్’లలో ఒకటి నిషేధం, మరొకటి కాదు. రెండింటి భేదానికి ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యం అక్కర లేదు.

5. ‘ఫ్లేమబుల్’ వ్యాప్తి:

‘ఇన్‌ఫ్లేమబుల్’ ముందు పుట్టిన పదం. ‘ఫ్లేమబుల్’ ఆ తరువాత రెండు శతాబ్దాలకు, 1813 ప్రాంతంలో, కనిపిస్తుంది. అది చాలాకాలం అరుదైన పదంగానే ఉండిపోయింది. దానిని లోకవ్యవహారంలోకి తెచ్చినవారు కవులూ కారు, వ్యాకర్తలూ కారు. అగ్నిప్రమాదాల నివారణకు పనిచేసే సంస్థలు.

1920ల్లో అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ ‘ఇన్‌ఫ్లేమబుల్’ బదులు ‘ఫ్లేమబుల్’ను వాడవలసిందిగా కోరింది. ‘ఇన్’ను నిషేధంగా పొరబడి ప్రజలు ప్రమాదంలో పడతారన్నదే అందుకు చెప్పిన కారణం. బీమా రంగంలోని వారు ఆ బాటనే నడిచారు. 1953లో అమెరికా చేసిన వస్త్రాల భద్రతా చట్టం పేరులో ‘ఫ్లేమబుల్’ పదమే ఉంది. 1959లో బ్రిటిష్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ కూడా ‘ఫ్లేమబుల్’, ‘నాన్‌ఫ్లేమబుల్’ పదాలనే ప్రోత్సహించడం తమ విధానమని ప్రకటించింది. ఐక్యరాజ్యసమితి 2003లో వెలువరించిన రసాయనాల వర్గీకరణ, లేబుళ్ల అంతర్జాతీయ పద్ధతి కూడా ‘ఫ్లేమబుల్’నే స్వీకరించింది.

భారతదేశపు చట్టభాష పాత పదాన్ని నిలుపుకొంది. 1934 నాటి పెట్రోలియం చట్టం పెట్రోలియాన్ని నిర్వచించేటప్పుడు ‘ఇన్‌ఫ్లేమబుల్’ పదాన్నే వాడింది. 1952లో చేసిన మరో చట్టం పేరే ‘ఇన్‌ఫ్లేమబుల్ సబ్‌స్టెన్సెస్ యాక్ట్’. ఎసిటోను, కాల్షియం కార్బైడు, నైట్రోసెల్యులోజు ఆధారంగా తయారైన సినిమా ఫిల్ములు మొదలైన వాటిని ప్రమాదకరంగా నిప్పంటుకునే పదార్థాలుగా అది ప్రకటించింది. చట్టాల్లో పాతపదం, దిగుమతి సరుకుల లేబుళ్లమీద కొత్తపదం, ట్యాంకర్లమీద రెండూ కలగలిసి ఉండటం వల్ల మన దేశంలో ఈ రెండు పదాలూ ఒకే వీధిలో పక్కపక్కనే ఎదురవుతున్నాయి. ఒకే పదం వాడుకలో ఉన్న చోటికంటె రెండూ వాడుకలో ఉన్న చోటనే, ఇవి పరస్పర వ్యతిరేకాలన్న భ్రాంతికి అవకాశం ఎక్కువ.

స్ట్రంక్, వైట్‌ల ‘ది ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్’ అనే ప్రసిద్ధ శైలిగ్రంథం, సాధారణ రచనలో ‘ఇన్‌ఫ్లేమబుల్’నే వాడాలని, ప్రాణరక్షణ దృష్ట్యా వాహనాలమీద మాత్రం ‘ఫ్లేమబుల్’ అని రాయడం సబబేనని సూచిస్తుంది. రచనకు ఒక పదం, హెచ్చరికకు మరొక పదం అన్న ఈ విభజన ఆలోచించదగినది. ఒక పదం సాధుత్వాన్ని వ్యుత్పత్తి నిర్ణయిస్తుంది. దాని క్షేమకరత్వాన్ని మాత్రం చదివేవాడు నిర్ణయిస్తాడు.

6. మాట, ప్రవర్తన - వోర్ఫ్ పరిశీలన:

మాట పొరపాటు చేతలో ప్రమాదంగా మారుతుందా అనే ప్రశ్నకు ఇరవయ్యవ శతాబ్దపు భాషాశాస్త్రంలో ఒక విశిష్టమైన సమాధానం దొరుకుతుంది. బెంజమిన్ లీ వోర్ఫ్ (1897-1941) భాషకూ ఆలోచనకూ గల సంబంధాన్ని గురించిన సిద్ధాంతంతో ప్రసిద్ధుడు. ఆయన వృత్తిరీత్యా అగ్నిప్రమాద బీమా సంస్థలో నివారణ ఇంజనీరు. ప్రమాదాల నివేదికలను పరిశీలిస్తూ, వస్తువు స్వభావంతో పాటు దానికున్న పేరు కూడా మనుషుల ప్రవర్తనను నిర్దేశిస్తుందని ఆయన గమనించాడు. 1939లో రాసి, 1941లో ప్రకటించిన వ్యాసంలో ఆ ఉదాహరణలను పొందుపరిచాడు.

వాటిలో ఒకటి ‘ఖాళీ’ పెట్రోలు పీపాలు. నిండు పీపాల దగ్గర జాగ్రత్తగా ఉండేవారు ‘ఖాళీ’ పీపాల దగ్గర నిర్లక్ష్యంగా పొగ తాగుతారు. వాస్తవానికి ఖాళీ పీపాలో నిండి ఉండే పెట్రోలు ఆవిరి ద్రవంకంటె ప్రమాదకరం. మరొకటి ఒక కర్మాగారంలో వేడి పాత్రలకు కప్పిన ‘లైమ్‌స్టోన్’ పొర. పేరులో ‘స్టోన్’ ఉంది గనుక రాయి మండదని అక్కడివారు ధీమాగా ఉన్నారు. ఆమ్లపు ఆవిరులు సోకి ఆ పొర రసాయనికంగా మారిపోయింది. వేడి తగిలినప్పుడు దాని నుండి ఎసిటోను పుట్టి మండింది.

‘ఖాళీ డ్రమ్ము’ అనే మాట మన ఊళ్లలోనూ ఇదే పని చేస్తుంది. నూనె, పెట్రోలు, థిన్నరు అయిపోయిన డ్రమ్మును నీటి తొట్టిగానో పొయ్యిగానో మలచుకుందామని వెల్డింగు షాపుకు తీసుకువెళతారు. ‘ఖాళీదే’ అన్న ఒక్క మాట ఇద్దరికీ ధైర్యాన్నిస్తుంది. లోపల మిగిలిన ఆవిరికి ఆ మాటతో పని లేదు. ‘ఇన్‌ఫ్లేమబుల్’ అనే మాటనుండి అబద్ధపు ధైర్యం తెచ్చుకునేవాడి స్థితి దీనికి భిన్నం కాదు.

7. సమీపపదాలు - అర్థభేదాలు:

ఈ పదంతో కలగాపులగమయ్యే మరికొన్ని పదాలను వేరుచేసి చూడాలి.

కంబస్టిబుల్: మండే గుణం గలది. సామాన్య వాడుకలో ఇది ‘ఫ్లేమబుల్’కు దగ్గరగానే ఉంటుంది. సాంకేతిక వ్యవహారంలో భేదం ఉంది. ద్రవం నుండి వెలువడే ఆవిరి, మంట చూపగానే ఒక్కసారి భగ్గుమనడానికి సరిపడేంతగా ఏర్పడే కనీస ఉష్ణోగ్రతను ‘ఫ్లాష్ పాయింట్’ అంటారు. అమెరికా ప్రమాణాలలో సంప్రదాయంగా ఇది 37.8 డిగ్రీల సెల్సియస్‌కు తక్కువైతే ఫ్లేమబుల్ ద్రవం, అంతకు ఎక్కువైతే కంబస్టిబుల్ ద్రవం. మన పెట్రోలియం చట్టం ఈ పదాలకు బదులు తరగతులను ఏర్పరిచింది. 23 డిగ్రీలకు తక్కువైతే ‘ఎ’ తరగతి, 23 నుండి 65 లోపు ‘బి’, 65 నుండి 93 లోపు ‘సి’. పెట్రోలు ఫ్లాష్ పాయింటు సున్నాకు దాదాపు 40 డిగ్రీలు దిగువన ఉంటుంది. అనగా మన దేశంలో ఏ ఋతువులోనైనా, ఏ వేళనైనా దాని ఆవిరి నిప్పుకోసం సిద్ధంగానే ఉంటుంది. కిరోసిను ఫ్లాష్ పాయింటు 35 డిగ్రీలకు పైన ఉంటుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే రెంటచింతల, రామగుండం వంటి చోట్ల ఎండలో ఉన్న కిరోసిను డబ్బా ఆ హద్దును కూడా దాటవచ్చు. కనుక ‘కంబస్టిబుల్ మాత్రమే’ అన్న ఊరట మన వేసవికి వర్తించదు.

ఇన్‌ఫ్లమేటరీ: మంట రేపేది, రెచ్చగొట్టేది. ‘ఇన్‌ఫ్లేమబుల్’ రగులుకునేది అయితే ఇది రగిల్చేది. ఉద్రేకపరిచే ప్రసంగం ‘ఇన్‌ఫ్లమేటరీ’. ఆ ప్రసంగానికి రగిలిపోయే స్వభావం గల జనసమూహం ‘ఇన్‌ఫ్లేమబుల్’. ఈ ఆలంకారిక అర్థంలో ‘ఫ్లేమబుల్’ను వాడటం సంప్రదాయం కాదు. అది భౌతికమైన నిప్పుకే పరిమితం.

ఇన్‌ఫ్లమేషన్: వైద్యంలో శోథ. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే నాలుగు లక్షణాలతో దీనిని క్రీ.శ. మొదటి శతాబ్దిలోనే రోమన్ రచయిత సెల్సస్ వర్ణించాడు. శరీరభాగం మంటపెట్టినట్టు కావడమే ఈ పేరుకు కారణం. ఇక్కడ ‘ఇన్’ను ఎవరూ నిషేధంగా భావించరు. ‘ఇన్‌ఫ్లేమబుల్’ను గుర్తుపెట్టుకోవడానికి ఈ పదమే మంచి తోడు.

నాన్‌ఫ్లేమబుల్, నాన్‌ఇన్‌ఫ్లేమబుల్: ఇవే నిజమైన వ్యతిరేకపదాలు. నిప్పంటుకోనిది అని అర్థం. వీటిలో మొదటిదే నేడు ప్రామాణికం.

8. తెలుగులో హెచ్చరిక రాయడం:

ఇక అనువాదకుడి ముందున్న ప్రశ్న. ఈ పదాన్ని తెలుగు లేబులుమీద, సూచనల పత్రంలో, గోడమీద ఎలా రాయాలి?

‘ఇన్‌ఫ్లేమబుల్’ అని తెలుగు లిపిలో రాస్తే ఇంగ్లీషులోని చిక్కు అంతా తెలుగులోకి వస్తుంది. దాన్ని తీర్చుకోవడానికి చదువరికి ఇంగ్లీషు వ్యుత్పత్తి కూడా అందుబాటులో ఉండదు.

‘దహ్యం’, ‘అదహ్యం’ అని పారిభాషిక పదాలు కల్పించుకుంటే అవి గ్రంథాలకు పనికిరావచ్చు. హెచ్చరికకు పనికిరావు. ఒక్క ‘అ’ చెరిగిపోయినా, కంటికి ఆనకపోయినా అర్థం తలకిందులవుతుంది. ఇంగ్లీషులో ‘ఇన్’ తెచ్చిన ప్రమాదాన్నే మనం సంస్కృతంతో కొని తెచ్చుకున్నట్టవుతుంది. ‘జ్వలనశీలం’, ‘దహనశీలం’ అనే పదాలలో ఈ దోషం లేకపోయినా, వాటిని చదివి వెంటనే చేయి వెనక్కి తీసుకునే కార్మికులు ఎందరుంటారో ఆలోచించాలి.

‘మండే ద్రవం’ అనేది తేలికైన మాటే. కాని తెలుగులో ‘మండు’ అనే ధాతువుకు రెండు అర్థాలున్నాయి. కట్టె మండుతుంది, కారం తగిలిన కన్నూ మండుతుంది. ఆమ్లం చర్మంమీద పడితే కలిగే బాధనూ మంట అనే అంటాం. ‘మండే ద్రవం’ అని చదివినవాడు అది ఒంటిమీద పడకుండా చూసుకొని, పక్కనే బీడీ వెలిగించుకునే అవకాశం ఉంది.

‘నిప్పంటుకునేది’ అనే మాటలో ఈ సందిగ్ధత లేదు. కోస్తాలో ‘నిప్పు’ అన్నా, తెలంగాణలో ‘అగ్గి’ అన్నా ఒకరి మాట మరొకరికి తెలుసు. అయితే ఇక్కడ కూడా ఒక జాగ్రత్త అవసరం. తెలుగులో నిషేధం పదం చివర, అతి చిన్న ధ్వనిలో ఇమిడి ఉంటుంది. ‘నిప్పంటుకునేది’, ‘నిప్పంటుకోనిది’ అనే రెండింటికీ రాతలో ఉన్న భేదం రెండు గుణింతపు గుర్తులు మాత్రమే. మసకబారిన డబ్బామీద ఆ గుర్తులను నమ్ముకోవడం మంచిది కాదు.

కాబట్టి హెచ్చరికను విశేషణంతో ముగించక విధివాక్యంతో పూర్తిచేయడం ఉత్తమం. ‘త్వరగా నిప్పంటుకుంటుంది. నిప్పు దగ్గరకు తేవద్దు’ అని రెండు చిన్న వాక్యాలు రాస్తే ఒకటి చెరిగినా రెండవది కాపాడుతుంది. ఖాళీ పాత్రలకు ‘ఖాళీ అయినా లోపల ఆవిరి ఉంటుంది. వెల్డింగు చేయవద్దు’ అని చేర్చాలి. అక్షరం రానివారికోసం జ్వాల బొమ్మ తప్పనిసరి. అంతర్జాతీయ పద్ధతిలో రసాయనాల డబ్బాలమీద ఎర్రని అంచు గల వజ్రాకారంలో నల్లని జ్వాల ఉంటుంది. పెట్రోలు వంటి ద్రవాల రవాణాకు ఎర్రని వజ్రాకారంలో జ్వాల, కింద 3 అనే అంకె ఉంటాయి. ఈ గుర్తులను ఉన్నత పాఠశాల స్థాయిలోనే పరిచయం చేయడం అవసరం.

9. ముగింపు:

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలు:

* ‘ఇన్‌ఫ్లేమబుల్’, ‘ఫ్లేమబుల్’ పర్యాయపదాలు. రెండింటికీ సులభంగా నిప్పంటుకునేది అనే అర్థం. వీటికి వ్యతిరేకపదం ‘నాన్‌ఫ్లేమబుల్’.

* ఈ పదంలోని ‘ఇన్’ నఞర్థకం కాదు. ‘ఇన్‌ఫ్లేమ్’ అనే క్రియలో భాగం. ‘అనుచరుడు’లోని ‘అను’కూ ‘అనుచితం’లోని ‘అన్’కూ ఉన్న భేదమే ఇక్కడా ఉంది.

* సాహిత్య రచనలో, ఆలంకారిక ప్రయోగంలో, చట్టాల పేర్లలో ‘ఇన్‌ఫ్లేమబుల్’ సాధువు. లేబుళ్లు, హెచ్చరికలు, శిక్షణ పత్రాలలో ‘ఫ్లేమబుల్’నే వాడాలి.

* తెలుగు హెచ్చరికలలో ఆంగ్లపదాన్ని లిప్యంతరీకరించడం గాని, ఒక్క అక్షరంతో అర్థం మారిపోయే పారిభాషిక పదాలను వాడటం గాని తగదు. తేటతెలుగు వాక్యం, దానితోపాటు చేయవలసినది చెప్పే విధివాక్యం, జ్వాల గుర్తు ఉండాలి.

పదానికి సరైన అర్థం తెలిసినవాడు దాన్ని తప్పుగా వాడడు. కాని హెచ్చరిక రాసేవాడి బాధ్యత అక్కడితో తీరదు. అర్థం తెలియనివాడు చదివినా తప్పుగా గ్రహించే వీలులేని మాటను ఎన్నుకోవడం కూడా అతని పనే. ట్యాంకరు వెనుక రాసిన అక్షరాలు వ్యాకర్తకోసం కాదు. ఆ వెనుక ఆగిన ద్విచక్రవాహనదారుడి కోసం.